యాత్రా పటంలో లేని నిమ్‌పురా

కోల్‌కతా నుంచి ఒక్కరోజులో వెళ్లి చూసి రాదగిన ప్రదేశాల జాబితా ఎవరు తయారు చేసినా అందులో ఖరగ్‌పూర్ పరిసరాలు తప్పక కనిపిస్తాయి. హౌరా నుంచి దాదాపు 115 కిలోమీటర్ల దూరం. ఉదయం లోకల్ రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి ముందే హిజ్లీ జైలు చూడవచ్చు. సాయంత్రానికి కురుంబేరా కోటో, పాథ్రా గుళ్లో, ఝార్‌గ్రామ్ సాలవనమో చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. స్టేషన్లో దిగగానే 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం దగ్గర ఫోటో దిగడం కూడా ఈ యాత్రలో భాగమే. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అన్న ఖ్యాతి దానికి చాలాకాలం ఉండేది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దానిని దాటిపోయాయి. అయినా పాత పేరు ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

ఆ జాబితాల్లో సాధారణంగా కనిపించని పేరు నిమ్‌పురా. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపు సాగే రైలుమార్గంలో మొదట తగిలే గూడ్స్ యార్డు, దాని చుట్టూ అల్లుకున్న రైల్వే బస్తీ అది. వీధిలో తెలుగు వినిపిస్తుంది. అమ్మవారి పండుగకు ఉత్తరాంధ్ర పల్లెల్లో మాదిరిగానే ఘటాలు కదులుతాయి. కోటలూ గుళ్లూ జైళ్లూ వారసత్వమైనప్పుడు, వాటి దాకా యాత్రికుణ్ణి మోసుకొచ్చే పట్టాలను వేసి, బండ్లను మరమ్మతు చేసి, వాగన్లను జోడించిన మనుషుల చరిత్ర ఎందుకు వారసత్వం కాలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న ఆ చూడదగిన ప్రదేశాల్లోనే దొరుకుతుంది.

రైలు రాకముందు ఇక్కడ పట్టణం లేదు. ఎర్రమట్టి నేల, సాలవృక్షాలు, చెదురుమదురు పల్లెలు మాత్రమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1898–1900 మధ్య ఈ ప్రాంతాన్ని కూడలిగా మార్చింది. ఒక మార్గం రూపనారాయణ్ నదిని దాటి కలకత్తాకు, ఒకటి సింగ్‌భూమ్ అడవుల మీదుగా నాగ్‌పూర్‌కు, ఒకటి బాలేశ్వర్, కటక్‌ల మీదుగా దక్షిణానికి సాగాయి. అప్పటికే బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే సిద్ధమై ఉంది. దాని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. అంటే విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు ఖరగ్‌పూర్‌తో ఒకే కంపెనీ పట్టాల మీద, ఒకే యాజమాన్యం కింద కలిశాయి. 1904 నాటికి వర్క్‌షాప్ పని మొదలైంది. ఆ వర్క్‌షాప్‌కు మనుషులు కావలసి వచ్చారు.

ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల స్థితి గుర్తుకు రావాలి. జమీందారీ శిస్తులు, పదే పదే వచ్చిన కరవులు, తుఫానులు అక్కడి రైతుకూలీలను ఊళ్లు దాటించాయి. కొందరు కళింగపట్నం, విశాఖపట్నం, కోరంగి రేవుల్లో ఓడలెక్కి రంగూన్ చేరారు. అక్కడి రేవుల్లో బరువులు మోసి, 1930 నాటి అల్లర్లలో దెబ్బలు తిని, 1942లో జపాన్ దండయాత్రతో కాలినడకన తిరిగివచ్చిన తెలుగువారి కథ కొంతవరకు గ్రంథస్థమైంది. మరికొందరు ఓడకు బదులు రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగారు. వీరిని ఎవరూ తరిమివేయలేదు గనుక వీరిది విషాదగాథ కాలేదు. విదేశం కాదు గనుక ప్రవాసమూ అనిపించుకోలేదు. చరిత్ర రచనలో ఈ రెండు అర్హతలూ లేనివారు తేలికగా జారిపోతారు.

కాని ఈ దారి రైలుతో మొదలైనది కాదు. పట్టాలు పడటానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ తీరమార్గం ఉంది. యాత్రికులు చూసే కట్టడాలే దానికి సాక్ష్యం.

ఖరగ్‌పూర్‌కు నైరుతి దిశలో, కేశియారి సమీపాన గగనేశ్వర్ గ్రామంలో కురుంబేరా కోట ఉంది. పేరుకు కోట గాని రూపంలో అది ఎర్రని జేగురురాతి ప్రాకారం. లోపల నాలుగు వైపులా కమానులతో సాగే వసారా, నడుమ విశాలమైన ముంగిలి. ముంగిలిలో శిథిలమైన ఆలయ పీఠం ఒక పక్క, మూడు గుమ్మటాల మసీదు మరో పక్క. నిర్మాణాన్ని 15వ శతాబ్దపు గజపతి ప్రభువు కపిలేంద్రదేవుని కాలానికి, మసీదును 17వ శతాబ్దపు చివరి దశకు, ఔరంగజేబు కాలానికి ఆపాదిస్తారు. నేడిది భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుడీ మసీదూ ఒకే ప్రాకారంలో ఉన్నచోట నేటి రాజకీయానికి కావలసిన కథ సులభంగా దొరుకుతుంది. తెలుగు పాఠకునికి మాత్రం అక్కడ ఇంకొక కథ ఉంది. ఇదే కపిలేంద్రుని సేనలు దక్షిణాన రాజమహేంద్రవరాన్నీ కొండవీడునూ ఏలుబడిలోకి తెచ్చుకున్నాయి. కృష్ణదేవరాయలు 1515లో కొండవీడును గెలిచింది ఈ గజపతుల వంశం నుంచే. మేదినీపూర్ నేల, గోదావరి నేల కొన్ని దశాబ్దాల పాటు ఒకే సింహాసనానికి కప్పం కట్టాయి. తర్వాత నాలుగు వందల ఏళ్లకు వచ్చిన రైలు ఆ రాజ్యపు వెన్నెముక వెంటే సాగింది.

ఇంకా వెనక్కి వెళితే దాంతన్. ఖరగ్‌పూర్ నుంచి ఒడిశా వైపు వెళ్లే రైలుమార్గంలో రాష్ట్ర సరిహద్దు చేరువలో ఉంటుంది. అక్కడి మొఘల్‌మారి గ్రామపు దిబ్బను కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య అశోక్ దత్తా 2003–04 నుంచి తవ్వించారు. సుమారు 6వ శతాబ్దం నాటి బౌద్ధవిహారం బయటపడింది. సుద్దతో మలచిన ప్రతిమలు, ముద్రలు, ఇటుక గోడలు వెలుగు చూశాయి. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ కొనసాగించిన తవ్వకాల్లో చిన్న చిన్న కంచు విగ్రహాల నిధి కూడా దొరికింది. 5వ శతాబ్దంలో ఫాహియాన్ రెండేళ్లు గడిపి సింహళానికి ఓడెక్కిన తామ్రలిప్తి, అంటే నేటి తమ్లుక్, ఇక్కడికి దూరమేమీ కాదు.

దాంతన్ అన్న పేరు చుట్టూ ఒక పాత వివాదం ఉంది. బుద్ధుని దంతధాతువును ఉంచి పూజించినట్లు బౌద్ధ గ్రంథాలు చెప్పే కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరు పండితులు వాదించారు. కాదు, శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి ప్రాంతంలోని దంతవరపుకోటే ఆ దంతపురమని మరికొందరు అన్నారు. ఈ వివాదం ఎటు తేలినా ఒక సంగతి మిగులుతుంది. వంశధార ఒడ్డు నుంచి బయలుదేరి నిమ్‌పురా యార్డులో పనికి కుదిరిన శ్రీకాకుళం కూలీ, తెలియకుండానే ఒక దంతపురం నుంచి మరో దంతపురానికి ప్రయాణం చేశాడు. ఆ మార్గంలో అతనికి ముందే భిక్షువులు, వర్తకులు, సేనలు, పూరీ యాత్రికులు నడిచారు. అందరి జాడలనూ పురావస్తు శాఖ వెదికింది. కూలీ జాడలను వెదికే శాఖ ఏదీ లేదు.

మేదినీపూర్ పట్టణం వైపు వెళితే కంసావతి నది ఒడ్డున పాథ్రా కనిపిస్తుంది. టెరాకోట శిల్పాలతో నిండిన ముప్పైకి పైగా ఆలయాలు అక్కడ ఉన్నాయి. ఇటుకలు ఊడదీసి ఇళ్లకు పట్టుకుపోతుంటే వాటిని ఆపడానికి నడుము కట్టినది ప్రభుత్వం కాదు. యాసిన్ పఠాన్ అనే స్థానికుడు 1970ల నుంచి పల్లె పల్లె తిరిగి, హిందువులనూ ముస్లిములనూ ఆదివాసులనూ ఒప్పించి సంరక్షణ సమితి కట్టాడు. 1994లో కేంద్ర ప్రభుత్వపు కబీర్ పురస్కారం ఆయనకు లభించింది. 2003లో పురావస్తు శాఖ ఆ ఆలయాల్లో అధిక భాగాన్ని తన రక్షణలోకి తీసుకుంది. పాథ్రా చెప్పే పాఠం స్పష్టమైనది. వారసత్వం దానంతటది నిలబడదు. ఎవరో ఒకరు ఇది మాది అని పట్టుబట్టాలి. అలా పట్టుబట్టినవాడు ఆ గుళ్లలో పూజ చేసే మతస్థుడే కానక్కరలేదు.

ఇక హిజ్లీ. పట్టణానికి ఆనుకునే ఉన్న ఈ నిర్బంధ శిబిరాన్ని బ్రిటిషు ప్రభుత్వం 1930లో తెరిచింది. విచారణ లేకుండా పట్టుకొచ్చిన విప్లవకారులతో బెంగాల్ జైళ్లు నిండిపోయిన కాలమది. మేదినీపూర్ జిల్లా మేజిస్ట్రేట్లు పెడ్డీ, డగ్లస్, బర్జ్ వరుసగా 1931, 1932, 1933లలో విప్లవకారుల తూటాలకు బలయ్యారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి హిజ్లీలో నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. మృతదేహాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ మాట్లాడారు. శిబిరం 1942లో మూతపడింది. యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళం ఆ భవనాల్లో దిగింది. 1951లో అదే ఆవరణలో దేశపు తొలి ఐఐటీ వెలిసింది. 1956లో తొలి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ, నిర్బంధ శిబిరం విద్యాలయమైన ఈ పరిణామాన్ని ప్రత్యేకించి ప్రస్తావించారు. పాత భవనం ఇప్పుడు హిజ్లీ షహీద్ భవన్. 1990 నుంచి అందులో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం నడుస్తోంది.

హిజ్లీ స్మారకం కావడం న్యాయమే. కాని దానికి నాలుగేళ్ల ముందు, పట్టాలకు ఇవతలి పక్క జరిగింది కూడా గుర్తుంచుకోదగినదే. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో యాజమాన్యం వర్క్‌షాప్‌లో పెద్దయెత్తున సిబ్బందిని తగ్గించ తలపెట్టడంతో ఆందోళన మళ్లీ చెలరేగి, వర్క్‌షాప్ నెలల తరబడి మూతపడింది. దేశ కార్మికోద్యమ చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించినవాడు బరంపురానికి చెందిన తెలుగువాడు, వరాహగిరి వెంకటగిరి. 1926లోనే అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన ఆయన 1969లో రాష్ట్రపతి అయ్యాడు. రాష్ట్రపతి భవన్‌కు చేరిన ఆయన దారిలో ఖరగ్‌పూర్ ఒక ముఖ్యమైన మజిలీ. తెలుగునాట గిరి పేరు ప్రస్తావనకు వచ్చినప్పుడు 1969 నాటి కాంగ్రెస్ చీలిక గుర్తుకొస్తుంది. ఆయన వెనుక నిలిచి పస్తులున్న ఖరగ్‌పూర్ కార్మికులు మాత్రం గుర్తుకు రారు.

దేశం కోసం జైల్లో చనిపోయినవాడు అమరుడు. కూలి కోసం గేటు బయట ఆకలితో కూర్చున్నవాడు కేవలం సమ్మెదారు. మన స్మారకాల వెనుక ఉన్న అలిఖిత సూత్రం ఇదే. 1974 మే నెలలో దేశమంతటా రైళ్లు ఆగిపోయిన మహాసమ్మె విషయంలోనూ అంతే. అణచివేత తీవ్రత గురించి పుస్తకాలు వచ్చాయి. రైల్వే బస్తీల్లో ఆ ఇరవై రోజులు ఎలా గడిచాయన్నది పెద్దల నోటి మాటగానే మిగిలి, వారితోనే వెళ్లిపోతోంది.

యాత్రికుడు కోరుకునే రెండో ఆకర్షణ అడవి. నిమ్‌పురా దాటితే కలైకుండా, ఖెమాసూలి, సర్డిహా, బాన్‌స్తలా, ఆపై ఝార్‌గ్రామ్. పట్టాలకు రెండు పక్కలా సాలవనం. ఇది జంగల్ మహల్ నేల. 1798–99లో కర్ణగఢ్ రాణీ శిరోమణి నాయకత్వాన ఇక్కడి ప్రజలు కంపెనీ శిస్తు విధానం మీద తిరగబడ్డారు. దొరలు వారిని చువాడులని, అంటే అనాగరికులని, తిట్టుపేరుతో పిలిచారు. ఆ తిట్టే తిరుగుబాటు పేరుగా చరిత్రలోకి ఎక్కింది.

ఈ అడవికీ రైలుకూ ఉన్న సంబంధం కిటికీలోంచి కనిపించే దృశ్యంతో ఆగదు. రైలు రావడంతో సాలకలపకు గిరాకీ పెరిగింది. స్లీపర్లుగా, స్తంభాలుగా చెట్లు నరికి అదే రైలులో తరలించారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మేదినీపూర్ అడవుల్లో చాలా భాగం మోడులే. దీనిని మార్చిన ప్రయోగం అరాబరిలో జరిగింది. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ సుమారు 1,270 హెక్టార్ల క్షీణించిన అడవిని 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాల కాపలాకు అప్పగించారు. ప్రతిగా వారికి పని, అటవీ ఉత్పత్తులు, కలప ఆదాయంలో నాలుగో వంతు ఇచ్చే ఒప్పందం కుదిరింది. మొదళ్ల నుంచి సాల మళ్లీ చిగిర్చింది. 1989లో బెంగాల్ ప్రభుత్వం దీనిని విధానంగా ప్రకటించింది. 1990లో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ మార్గదర్శకాలు పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత వచ్చిన వన సంరక్షణ సమితుల మూలం కూడా ఇక్కడిదే.

అడవి తిరిగి రాగానే ఏనుగులూ వచ్చాయి. 1980ల చివరి నుంచి ఝార్ఖండ్‌లోని దల్మా కొండల మందలు మేదినీపూర్ లోపలి దాకా రాసాగాయి. అటు గనులు, ఆనకట్టలు, కాలువలు వాటి దారులను ముక్కలు చేశాయి; ఇటు చిగిర్చిన సాలవనం నీడనిచ్చింది, పండిన వరిచేను తిండి పెట్టింది. అడవిని కాపాడిన పల్లెలే ఏనుగుల చేతిలో పంటనూ ప్రాణాలనూ కోల్పోవడం ఈ కథలోని క్రూరత్వం. ఒడిశా నుంచి దిగే మందలతో సతమతమవుతున్న పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం రైతులకు ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. నిమ్‌పురా బస్తీవాసుల పుట్టిన ఊళ్లలోనూ, ఉంటున్న ఊరి శివార్లలోనూ నేడు సమస్య ఒక్కటే.

మనిషి వైపు నుంచి జరిగిన క్రూరత్వమూ తక్కువ కాదు. 2018లో లాల్‌గఢ్ అడవిలోకి దారితప్పి వచ్చిన పులిని ఏప్రిల్‌లో వేటగాళ్లు బల్లేలతో పొడిచి చంపారు. 2024 ఆగస్టు 15న ఝార్‌గ్రామ్‌లో ఏనుగులను తరిమే బృందం విసిరిన మండే ఇనుప చువ్వ దిగి ఒక ఆడ ఏనుగు ప్రాణం విడిచింది; అలాంటి సాధనాలను సుప్రీంకోర్టు 2018లోనే నిషేధించింది. 2025 జూలైలో బాన్‌స్తలా దగ్గర జన్‌శతాబ్ది రైలు ఢీకొని ఒక పెద్ద ఏనుగూ రెండు పిల్లలూ మరణించాయి. ఇదే మార్గంలో, సర్డిహా సమీపాన, 2010 మే 28 అర్ధరాత్రి దాటాక జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి గూడ్సు బండిని ఢీకొన్నప్పుడు దాదాపు 150 మంది ప్రయాణికులు మరణించారు. లాల్‌గఢ్ ఉద్యమం, మావోయిస్టుల పట్టు, కేంద్ర బలగాల గాలింపు ముప్పిరిగొన్న రోజులవి. ఝార్‌గ్రామ్ 2017లో ప్రత్యేక జిల్లా అయింది; రాజభవనాలు అతిథిగృహాలయ్యాయి; పర్యాటకం శాంతికి గుర్తుగా ప్రచారం పొందింది. శాంతి రావడం మంచిదే. దాని కింద ఏమేమి కప్పబడ్డాయో కూడా సందర్శకునికి తెలియాలి.

ఈ నేపథ్యంలో 2020 డిసెంబరు నాటి నిర్ణయాన్ని చూడాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాషల వరుసలో చోటు కల్పించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఎంతోకాలంగా కోరుతున్నదే అది. జంగల్ మహల్ భాషలైన సంతాలీ, కుర్మాలీ అప్పటికే ఆ వరుసలో ఉన్నాయి. అడవి భాషలూ, యార్డు భాషా ఒకే జాబితాలో చేరడం చారిత్రకంగా ఔచిత్యమున్న సంగతి. అయితే నిర్ణయం శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు వచ్చిందన్నదీ మరువరాదు. ఖరగ్‌పూర్ సదర్ స్థానంలో పదిసార్లు గెలిచిన కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను 2016లో భాజపాకు చెందిన దిలీప్ ఘోష్ ఓడించారు. 2019 ఉపఎన్నికలో తృణమూల్ గెలిచింది. 2021లో భాజపా తిరిగి దక్కించుకుంది. మూడు పార్టీల మధ్య చేతులు మారిన చోట తెలుగు ఓటు విలువ పెరిగింది. ఆ ఓటుకు దక్కిన ప్రతిఫలం భాషా హోదా.

హోదాకు విలువ లేదనడం అన్యాయం. కాని హోదా కాగితం మీద ఉంటుంది. జ్ఞాపకానికి స్థలం కావాలి. నిమ్‌పురా ఇళ్లు, పాత సెటిల్‌మెంట్ వీధులు రైల్వే భూమి మీద ఉన్నాయి. అక్కడ తరతరాలుగా ఉన్నవారికి ఆ నేలతో ఉన్న బంధం ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగ విరమణతో క్వార్టర్ తిరిగి అప్పగించాలి. భూమి లేనివాడు స్మారకం ఎక్కడ కట్టుకుంటాడు? పాథ్రా గుళ్లకు పల్లె అండగా నిలిచింది. హిజ్లీకి స్వతంత్ర భారత ప్రభుత్వం నిలిచింది. కురుంబేరాకు పురావస్తు శాఖ ఉంది. రైల్వే కార్మికుని జ్ఞాపకానికి అతని యజమాని తప్ప వేరే సంరక్షకుడు లేడు. సమ్మె చరిత్రను యజమాని ఎందుకు భద్రపరుస్తాడు? ఆవిరి ఇంజను వర్క్‌షాప్ గేటు దగ్గర అలంకారమవుతుంది. దాని బాయిలరు దగ్గర నిలబడినవాని పేరు హాజరుపట్టీలో ఉండి, హాజరుపట్టీ పాతకాగితాల్లో కలుస్తుంది.

చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఐఐటీ ప్రాంగణంలోనే చరిత్రనూ సమాజశాస్త్రాన్నీ బోధించేవారున్నారు. వృద్ధ కార్మికుల మాటలను తెలుగులోనే రికార్డు చేయవచ్చు. సంఘాల పాత కరపత్రాలు, సభల తీర్మానాలు, బస్తీ సంస్థల పుస్తకాలు చెదలు పట్టకముందే ఒకచోట చేర్చవచ్చు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు అమెరికా ప్రవాసుల మీద చూపే శ్రద్ధలో పదోవంతు ఈ రాత్రి ప్రయాణపు దూరంలో ఉన్న ప్రవాసం మీద చూపవచ్చు. భాషకు హోదా ఇచ్చిన రాష్ట్రమూ, ఆ భాష మాట్లాడే రెండు రాష్ట్రాలూ కలిసి ఒక గది, ఒక అలమార, ఒక జీతగాణ్ణి సమకూర్చలేవా?

అలాంటి గది ఒకటి ఏర్పడిన నాడు కోల్‌కతా యాత్రికుని ఒక్కరోజు కార్యక్రమంలో మరో గంట చేరుతుంది. హిజ్లీలో తూటా గుర్తులు చూసినవాడు 1927 గేటునూ చూస్తాడు. సాలవనంలో ఏనుగు జాడ వెదికినవాడికి ఆ సాల ఏ పట్టాల కింద పరుచుకుందో, ఆ పట్టాలను ఎవరి చేతులు బిగించాయో తెలుస్తుంది. చరిత్ర ఆ చేతులను గుర్తించకపోయినా బండ్లు నడుస్తూనే ఉంటాయి. ఎవరి శ్రమ మీద నడుస్తున్నాయో తెలియని ప్రయాణికుల సంఖ్య మాత్రం ఏటేటా పెరుగుతూ పోతుంది.